మా మరుభూమి యాత్ర

మరుభూమి యనగానే మన మనస్సునకు తోచునవి ఇసుక, ఎండ, దాహము. పచ్చని చేలును, చెరువులును చూచుచు పెరిగిన మనకు అట్టి చోట చూడదగిన దేమి యుండునని సందేహము కలుగుట సహజమే. మేము రాజస్థానమునందలి థార్ ఎడారికి పోవుచున్నామని చెప్పగా మా బంధువులలో పెక్కురు నవ్విరి. "కాశీ రామేశ్వరములు విడిచి ఇసుకను చూడబోవుదురటే?" అని మా పెద్దమ్మగారు మందలించిరి. అయినను, అక్కచెల్లెండ్ర మిద్దరమును, మా వదినెగారును ఛాయాచిత్రములు తీయుటయందు మిక్కిలి అభిలాష గలవార మగుటచేత, ఇంటి భారమును పెద్దలకు అప్పగించి, డిసెంబరు నెలలో పండ్రెండు దినముల ప్రయాణమునకు బయలుదేరితిమి. అచ్చట చూచినవానిలో సోదరీమణులకు తెలియదగిన కొన్ని సంగతుల నిందు వ్రాయుచున్నాము.

థార్ ఎడారి వైశాల్యము సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. అందధికభాగము మన దేశమునను, మిగిలినది పాకిస్తానమునను కలదు. ఇదంతయు ఇసుకతిన్నెలే యనుకొనుట పొరపాటు. రాతినేల, గులకనేల, ముండ్లపొదలు, గడ్డిబయళ్లు కూడ విస్తారముగా నున్నవి. జైసల్మేరు ప్రాంతమున ఏడాది కంతకును సుమారు 20 సెంటీమీటర్ల వాన మాత్రమే పడును. అయినను ప్రపంచములోని ఎడారులలో ఇంత దట్టముగా జనులు నివసించు ఎడారి మరియొకటి కానరాదు. ఇంత తక్కువ నీటితో ఇందరు మనుష్యులును, పశువులును, పక్షులును ఎట్లు బ్రతుకుచున్నారను ప్రశ్న మాతోకూడ ప్రయాణము చేసినది. దానికి సమాధానము మాకు చాలవరకు స్త్రీలయొద్దనే దొరికినది.

మా యాత్ర జోధపురమునుండి ఆరంభమైనది. ఆ నగరమునకు సుమారు 26 కిలోమీటర్ల దూరమున ఖేజడ్లీ యను గ్రామము కలదు. ఖేజ్డీ యనగా మన జమ్మిచెట్టే. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు ఆయుధములు దాచిన శమీవృక్ష మిదియే. విజయదశమినాడు మనము పూజించునదియు, తెలంగాణమున దీని యాకునే బంగారమని పెద్దల చేతులలో నుంచి నమస్కరించుటయు మన మెరిగినదే. తెలంగాణమునకును రాజస్థానమునకును గూడ ఇదియే రాష్ట్రవృక్షము. మనకు ఏడాది కొకమారు జ్ఞప్తికి వచ్చు నీ చెట్టు ఎడారివారికి ప్రతిదినమును అన్నము పెట్టుచున్నది. దీని యాకు మేకలకును ఒంటెలకును మేత, ఎండుకొమ్మ వంటచెరకు, నీడ పశువులకు ఆశ్రయము, లేతకాయ మనుష్యులకు కూర. ఆ కాయలను సాంగ్రీ యందురు. వానిని ఎండబెట్టి ఏడాది పొడవునను నిలువ చేసికొందురు. కేర్ అను చిన్న కాయలతో కలిపి నానబెట్టి, నూనెలో ఎండుమిరపకాయలును, మామిడి ఒరుగు పొడియు వేసి వేయించిన ఆ కూర ఎడారిప్రయాణములో కొన్నిదినములు చెడకుండ నుండును. నీటికి కరవైన యింట మజ్జిగయే నీటిపనిని చేయును. మన యూరగాయ జాడీ వంటిదే వారికి సాంగ్రీ డబ్బా.

ఆ గ్రామమున 1730వ సంవత్సరమున జరిగిన సంగతి ప్రతి గృహిణియు నెరుగదగినది. జోధపుర మహారాజు అభయసింగు కట్టడములకు సున్నము కాల్చుటకై కట్టెలు కావలసి, భటుల నిచ్చటికి పంపెను. ఇచ్చటివారు బిష్ణోయీలు. 1485లో జాంభోజీ యను గురువు విధించిన ఇరువదితొమ్మిది నియమములను పాటించువారు. పచ్చని చెట్టును నరుకకుండుటయు, ప్రాణులను కాపాడుటయు ఆ నియమములలోనివి. అమృతాదేవి యను గృహిణి చెట్టును కౌగిలించుకొని, తన తల తెగిన తరువాతనే చెట్టు తెగవలెనని నిలిచెను. ఆమెయు, ఆమె మువ్వురు కుమార్తెలును అచ్చటనే ప్రాణములు విడిచిరి. ఆ వార్త విని చుట్టుపట్ల గ్రామములనుండి జనులు వచ్చి చెట్టునకొకరుగా నిలిచిరి. మొత్తము 363 మంది బలియైన పిమ్మట రాజు పశ్చాత్తాపపడి నరకుట మానిపించి, బిష్ణోయీల గ్రామములలో పచ్చని చెట్టును ముట్టరాదని శాసించెను. ఏటేట భాద్రపద శుద్ధ దశమినాడు అచ్చట ఉత్సవము జరుగుచున్నది. 1973లో హిమాలయ ప్రాంతమున బయలుదేరిన చిప్కో ఉద్యమమునకు చాలకాలము ముందే చెట్టును కౌగిలించుకొని కాపాడినది ఈ యెడారి స్త్రీలు.

ఆ గ్రామముల పొలములలో కృష్ణజింకలు మన యూళ్ల మేకలవలె నిర్భయముగా తిరుగుచుండును. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువు గదా! దీనిని చిత్రించుట అంత సులభము కాదు. మగజింక వీపు నల్లన, పొట్ట తెల్లన. మధ్యాహ్నపు టెండలో నలుపు మసియై పోవును, తెలుపు సున్నమై పోవును. సూర్యోదయమైన తరువాత గంటసేపు మాత్రమే ఆ రెండును చక్కగా కుదురును. తల్లిని కోల్పోయిన జింకపిల్లకు తమ బిడ్డతోపాటు చన్నిచ్చి పెంచిన తల్లులు బిష్ణోయీలలో కలరు. అట్టి దృశ్యముల చిత్రములు పత్రికలలో వెలువడి ప్రసిద్ధికెక్కినవి. మాకును అట్టి చిత్రము కావలెనా, ఏర్పాటు చేయింతునా యని మా బండి నడపువాడు అడిగెను. దయచే జరుగు పనిని రుసుము చెల్లించి చేయించుకొనుట మా కిష్టము లేకపోయినది. ఆ యూరి తల్లులతో మాటలాడి, జింకలను దూరమునుండి చిత్రించి సాగిపోయితిమి.

అచ్చటినుండి జైసల్మేరు వైపు పోవుచు, ఫలోడి పట్టణ సమీపమునందలి ఖీచన్ గ్రామమున ఒక రాత్రి యుంటిమి. మంగోలియా, మధ్య ఆసియా దేశములనుండి హిమాలయములు దాటి వచ్చు ఒక క్రౌంచజాతి పక్షులు శీతకాలమంతయు నిచ్చట గడపును. వీనిని ఇచ్చటివారు కుర్జాలందురు. బూడిదవన్నె మేను, నల్లని మెడ, ఎఱ్ఱని కన్ను, కన్ను వెనుక తెల్లని కుచ్చు. సెప్టెంబరులో రానారంభించి మార్చి నాటికి మరలిపోవును. 1970 దశకమునుండి గ్రామస్థులు కంచె వేసిన ఆవరణమున గింజలు చల్లుచు వీనిని పోషించుచున్నారు. మొదట కొలదిగా వచ్చిన పక్షులు నేడు వేలకొలది వచ్చుచున్నవి. 2025 జూన్‌లో ఖీచన్ అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి ప్రదేశముల జాబితాలో చేరినది.

తెల్లవారుజామున ఒక గృహిణి మమ్ము తన మేడపైకి రానిచ్చినది. గట్టిగా మాటలాడరాదు, మెరుపుదీపము వెలిగించరాదు అని మాత్రము ఆజ్ఞాపించినది. మొదట దూరమున ఒక రొద వినబడెను. తరువాత ఆకాశమంతయు గీతలు గీతలుగా పక్షులు కనబడెను. అవి ఒక్కుమ్మడిగా దిగవు. కుక్కలున్నవా, క్రొత్తవారున్నారా యని చూచి, పెద్దవి ముందు దిగిన పిమ్మట తక్కినవి దిగును. మేము కదలక కూర్చున్నంతసేపు అవి దిగుచునే యుండినవి. దూరదేశములకు పోయిన భర్తలకు సందేశము నందింపుమని కుర్జాను వేడుకొను స్త్రీల పాటలు మార్వాడమున ననేకములు కలవు. గింజలు చల్లు చేతులును, ఆ పాటలు పాడు గొంతులును ఒక యింటివే యని మాకచ్చట తెలిసినది.

జైసల్మేరు పట్టణము 1156లో రావల్ జైసలునిచే నిర్మితమైనది. పసుపువన్నె రాతితో కట్టిన కోటలో నేటికిని కుటుంబములు కాపురముండుట విశేషము. బట్టలారవేసిన బురుజులును, పిల్లలాడుకొను రాజవీథులును చూడగా, అది శిథిలము కాదు, ఇల్లు అనిపించును. అచ్చటికి నలువది కిలోమీటర్లకు పైగా పడమట సమ్ అను చోటను, నైఋతి దిక్కున ఖూరీ యను గ్రామముకడను పెద్ద ఇసుకతిన్నెలున్నవి. సమ్‌కడ యాత్రికుల సందడి మెండు. ఖూరీ కొంత ప్రశాంతము.

ఇసుకను చిత్రింపగోరువారికి మేము నేర్చుకొన్న మాటలు నాలుగు చెప్పెదము. ఇసుకకు అందమిచ్చునది వెలుగుకాదు, నీడ. ఉదయాస్తమయములందు ఏటవాలుగా పడు కిరణములు గాలి గీసిన అలల నొక్కొక్కదానిని చూపును. మధ్యాహ్నమున అదే తిన్నె పిండికుప్పవలె చప్పగా నుండును. చిత్రింపదలచిన వైపున నడువక, వెనుకనుండి ఎక్కవలెను. ఒకమారు అడుగుపడిన ఇసుకను చదును చేయుట గాలికే చెల్లును. గాలి వీచుచున్నప్పుడు కెమెరా కటకమును మార్చరాదు. కటకముపై పడిన ఇసుకను గుడ్డతో రుద్దినచో గీతలు పడును గనుక మెత్తని కుంచెతో దులుపవలెను. రాత్రులందు చలి విపరీతముగా నుండుటచే బ్యాటరీలు శీఘ్రముగా నిస్సత్తువ యగును. వానిని శాలువ మడతలో నుంచుకొనుట మేలు. ఇవన్నియు సరిచూచుకొన్న పిమ్మట కెమెరాను ప్రక్కన బెట్టి కొంతసేపు ఊరక చూడవలెను. రాత్రి తిరిగిన నక్క యడుగులును, పురుగు ప్రాకిన దారమువంటి జాడయు అప్పుడే కంటబడును.

జైసల్మేరు, బాడ్‌మేరు జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఎడారి జాతీయోద్యానము వ్యాపించియున్నది. ఇది 1980లో ఏర్పడినది. అటవీశాఖవారి అనుమతి పొంది, వారు చూపిన దారిననే బండిలో పోవలెను. చింకారాలు, ఎడారి నక్కలు, రాబందులు, డేగలు మాకు సమృద్ధిగా కనబడెను. కాని మేము ముఖ్యముగా కోరి వచ్చినది గోడావన్ పక్షిని. ఇది తెలుగువారికి క్రొత్తది కాదు. మన బట్టమేక పిట్టయే. కర్నూలు మండలమున, నేటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు గడ్డిబయళ్లలో ఇది ఒకప్పుడు తిరుగాడెను. దానికొరకే అచ్చట 1988లో అభయారణ్యమును స్థాపించిరి. నిలుచున్నప్పుడు మీటరు ఎత్తు. మగపక్షి 15 కిలోగ్రాముల వరకు తూగును. ఎగురు పక్షులలో మిక్కిలి బరువైనవానిలో ఇదియొకటి. నేడు లోకమంతట వెదకినను ఇవి సుమారు 150 మాత్రమే మిగిలినవని నిపుణుల యంచనా. వానిలో అధికభాగము ఈ జైసల్మేరు ప్రాంతముననే కలవు.

ఈ పక్షి సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డే పెట్టును. అదియు గూడు లేక, వట్టినేలపైన. మనుష్యుడు దగ్గరకు పోయినచో తల్లి లేచిపోవును; అంతట కాకియో, నక్కయో ఆ గ్రుడ్డును కాజేయును. చిత్రముకొరకు పది యడుగులు ముందుకు వేసినవాడు ఒక తల్లి యేడాదినంతయు పాడుచేయవచ్చును. దీనికి మరియొక గండము విద్యుత్తీగలు. కన్నులు తలకు ప్రక్కల నుండుటచే ఎదుటనున్న తీగ దీనికి చక్కగా కానరాదు. బరువు మేనగుటచే చివరిక్షణమున మరలజాలదు. ఆ ప్రాంతమున గాలిమరలును, సూర్యశక్తి ఫలకములును విస్తరించినకొలది తీగలును పెరిగినవి. 2021లో సుప్రీంకోర్టు ఆ తీగలను భూమిలో పాతవలెనని ఉత్తరువు చేసెను. 2024లో దానిని సడలించి నిపుణుల సంఘమును నియమించెను. మన యింట దీపము వెలుగవలెను. ఆ పక్షియు బ్రతుకవలెను. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చుట సులభము కాదు. పట్టి పెంచు కేంద్రములు 2019 నుండి పనిచేయుచున్నవి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణచే తొలి పిల్ల పుట్టెను.

రెండవనాటి యుదయమున మాకు రెండు గోడావన్‌లు కనబడెను. చాల దూరము. గడ్డి మీదుగా రాజఠీవితో నడచి, పొదల వెనుకకు పోయినవి. ఇంకను కొంచెము దగ్గరకు పోవచ్చునా యని మా వదినెగారడుగగా, అటవీశాఖ వాడు చేయి యడ్డముపెట్టి, "అవి మనలను చూచినవి. అంతకన్న చాలు" అనెను. మా చిత్రములో ఆ పక్షి గోరంత కూడ లేదు. అయినను చుట్టునున్న విశాలమైన గడ్డిబయలంతయు అందు పడినది. ఆ బయలు లేనిదే ఆ పక్షి లేదు గనుక, అది సరియైన చిత్రమనియే మా తలంపు.

ఆ ప్రాంతపు గాయకులైన మాంగణియార్ల గానము వినని యెడారియాత్ర కొరతయే. వీరు మహమ్మదీయులు, తరతరములుగా హిందూ గృహములలో పురుళ్లకును పెండ్లిండ్లకును పాడుచు, ఆ కుటుంబముల వంశావళిని గూడ కంఠస్థము చేసినవారు. కమాయిచా యను కమాను వాద్యము వీరి సొత్తు. అందు ప్రవీణుడైన సాకర్‌ఖాన్‌కు 2012లో పద్మశ్రీ లభించెను. మాంగణియార్ స్త్రీలు పరుల సభలలో పాడుట ఆచారము కాదు. రుక్మాదేవి యను గాయని ఆ కట్టు దాటి, సభలలో పాడి పేరుగాంచినది.

ఇక స్త్రీల సంగతి. ఎడారి స్త్రీల ఎఱ్ఱని ఓఢ్నీలును, మోచేతివరకు తెల్లని గాజులును చూచినచో కెమెరా గలవాని చేయి ఊరకుండదు. ఘూంఘట్ వేసికొన్న స్త్రీని తెలియకుండ చిత్రించి, రహస్యసౌందర్యమని పత్రికల కమ్ముకొన్నవారు లేకపోలేదు. పూర్వులు ఈ విషయమున మనకన్న నయమనిపించును. 1835 మొదలు 1880 వరకు ఏలిన జయపుర మహారాజు రెండవ రామసింగు తానే ఛాయాచిత్రకారుడై అంతఃపురస్త్రీలను వారి యెదుటనే కూర్చుండి చిత్రించెను. మన హైదరాబాదున లాలా దీన్‌దయాళ్ 1892లో స్త్రీలకొరకే ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, దాని నొక ఆంగ్లవనిత కప్పగించెను. తన చిత్రమును తానే కోరి తీయించుకొనుట స్త్రీకి గౌరవమని వారెరుగుదురు.

ఖూరీకి సమీపమున మా బండివాని మేనత్తగారి ధాణీ, అనగా నాలుగైదు గుడిసెల పల్లె, కలదు. గుండ్రని గుడిసెలు, పేడతో అలికిన గోడలు, వానిపై తెల్లని ముగ్గులు. మేనల్లుడు వాకిటనే కూర్చుండెను. మేము లోనికి పోయితిమి. ముసలమ్మ మేకపాల తేనీరిచ్చి, మా భుజముల సంచులను చూచి నవ్వి, "బేటీ, ప్రతి శీతకాలమును ఎవరో వచ్చి తీసికొనిపోవుదురు. మా మొగము లెన్ని దేశములు తిరిగినవో! మా యింటికి మాత్ర మొక్క పటమైన తిరిగి రాలేదు" అన్నది. ఆ మాటలో కోపము లేదు. మేము సంచులు విప్పలేదు. సజ్జరొట్టెలు తట్టుటలో సాయము చేసితిమి. వానకాలపు నీరు నిలువచేయు టాంకా యను భూగర్భపు తొట్టిని చూచితిమి. పాత్రలను ముందు ఇసుకతో తోమి, తరువాత చారెడు నీటితో తొలిచి, ఆ నీటిని మేకకు పెట్టుట చూచితిమి.

గంటసేపైన పిమ్మట కోడలు అత్తగారి చెవిలో నేమో చెప్పినది. ఆమె పుట్టిల్లు బాడ్‌మేరు కవతల చాలదూరము. తల్లి జబ్బుగా నున్నది. ఈ మనుమరాలి నింకను చూడలేదు. ఇంటనున్న ఫోను భర్త వెంట పనిచోటికి పోవును. తల్లికి ఫోనులో చూచుట చేతకాదు. గోడకు తగిలించుకొనుటకు కాగితముపై పటము కావలెను. "ముసుగుతో పంపిన మా యమ్మ నన్నెట్లు గుర్తుపట్టును?" అని ఆ పిల్ల యడిగినది. అత్తగారు కొంతసేపాలోచించి, "అది తల్లికి. మరెవ్వరికిని కాదు" అని అనుమతించినది.

గుడిసె వాకిటి వెలుగులో ఆమె ముసుగు తీసి, బిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండెను. నవ్వుమని మేము చెప్పలేదు. తల్లిని తలచుకొనగానే ఆమె మొగము తానే వికసించినది. జైసల్మేరులో రెండు పటములు వేయించి, ఒకటి ఆ యింటికి, ఒకటి పుట్టింటికి బండివానిచే పంపి, ఆ చిత్రమును మా కెమెరాలోనుండి చెరిపివేసితిమి. పండ్రెండు దినములలో మేము తీసిన చిత్రములన్నిటిలో మేలైనది అదియే. దానిని ఈ పత్రికలో చూడజాలరు, ఎచ్చటను చూడజాలరు. అది ఎవరికై తీయబడెనో వారి గోడపై నున్నది.

ఈ యాత్రకు పోదలచిన సోదరీమణులు నవంబరు, ఫిబ్రవరి నెలల నడుమ పోవుట మంచిది. పగటికి నూలుబట్టలు, రాత్రికి ఉన్నిబట్టలు రెండును కావలెను. నీటిని అచ్చటివారివలె పొదుపుగా వాడవలెను. అడుగక ఎవ్వరి చిత్రమును తీయరాదు. తీసినచో ఒక ప్రతిని పంపుట మరువరాదు. చెట్టు నరుకకుండుట, గ్రుడ్డునొద్దకు పోకుండుట, గింజ చల్లి ఎడముగా నిలుచుట, చారెడు నీటితో పాత్ర తోముట: ఎడారివారి బ్రతుకంతయు ఇట్టి నిగ్రహముతో నిలిచినది. వారి యింటికి పోవు మనము ఆ నిగ్రహమును కెమెరా పట్టిన చేతియందు చూపుట కనీసధర్మము.

పోలేనివారికిని ఒక పని కలదు. వచ్చు విజయదశమినాడు జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేయునప్పుడు పాండవులతోపాటు ఖేజడ్లీ అమృతాదేవిని గూడ తలచి, ఆ కథను పిల్లలకు చెప్పుదురుగాక.